మీకు తెలుసా? గుండ్లకమ్మ సాక్షిగా తెలుగు బాప్టిస్టులు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, అక్కడి నుంచి కనిగిరి, మార్కాపురం వైపు ఏ దారిన వెళ్లినా బాప్టిస్టు చర్చి బోర్డు కంటపడుతుంది. సువార్తిక క్రైస్తవంలో బాప్టిస్టులది పాత శాఖ, పెద్ద శాఖ. వీళ్లు ఏం నమ్ముతారు, ఏ పని మీద ఊరూరా తిరిగారు, తెలుగునేల మీద ఈ సంఘాన్ని ఎవరు నిలబెట్టారు? మొదటి రెండింటికి తలా ఒక మాట చెబుతారు. మూడోదానికి మాత్రం అందరి నోటా వచ్చేవి దొరల పేర్లే. ఆ జవాబు సగమే నిజం. మిగతా సగం కూడా తెలియాలనే ఈ ముచ్చట్లు.

పసిబిడ్డకు బాప్తిస్మం ఉండదు

బాప్టిస్టు ఇంట్లో పుట్టినంత మాత్రాన ఎవరూ సంఘ సభ్యులు కారు. పసిబిడ్డను చర్చికి తీసుకొస్తే ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠిస్తారు, అంతవరకే. బాప్తిస్మం మాత్రం ఆ బిడ్డ పెరిగి, తనంతట తాను నమ్మి, తన నోటితో ఒప్పుకున్నాకే. ముందు సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. పాస్టరుగారు, పెద్దలు ప్రశ్నలు అడుగుతారు. సంఘం సరేనన్నాకే తెల్లబట్టలు కట్టుకుని నీళ్లలోకి దిగాలి. తల మీద చిలకరించడం కాదు, మనిషిని పూర్తిగా ముంచి లేపుతారు. పాత బతుకు చచ్చిపోయింది, క్రీస్తుతో కొత్త బతుకులోకి లేచాను అని ఆ మనిషి నలుగురి ముందు చెప్పుకోవడమది. నది అయినా, చెరువైనా, కాలువైనా సరే. పట్నాల్లో చాలా చర్చిలకు లోపలే తొట్టి కట్టించి ఉంటుంది. ఎవరి విశ్వాసం వాళ్లే ఒప్పుకోవాలన్న ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, కింది సంగతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

సువార్తిక సంఘానికి నాలుగు గుర్తులు

బ్రిటన్ చరిత్రకారుడు డేవిడ్ బెబింగ్టన్ 1989లో సువార్తిక క్రైస్తవులను గుర్తుపట్టడానికి నాలుగు లక్షణాలు చెప్పారు. బైబిలే చివరిమాట. క్రీస్తు సిలువ మరణమే రక్షణకు ఆధారం. ప్రతి మనిషీ స్వయంగా మారుమనస్సు పొందాలి. నమ్మినదాన్ని చేతల్లో చూపాలి. ఈ నాలుగూ బాప్టిస్టులకు సొంత ఆస్తేమీ కాదు. బ్రదరెన్, పెంతెకొస్తు, ఇంకా చాలా సంఘాల్లోనూ కనిపిస్తాయి. కొన్ని సంఘాలతో తేడా వచ్చేది బాప్తిస్మం దగ్గర, ప్రభు బల్ల దగ్గర, సంఘ పరిపాలన దగ్గర. రొట్టె, ద్రాక్షారసం క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకోవడానికే అని బాప్టిస్టులు చెబుతారు. చాలా సంఘాల్లో నెలకు మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది.

పరమతాల స్వేచ్ఛ కోసం జైలుకెళ్లిన బాప్టిస్టు

ఇంగ్లండులో రాజు చెప్పిన చర్చికే పోవాలన్న రోజుల్లో, అక్కడి నుంచి తప్పించుకుపోయిన కొందరు 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి బాప్టిస్టు సంఘాన్ని మొదలుపెట్టారు. వారిలో ఒకరైన థామస్ హెల్విస్ తిరిగొచ్చి లండన్ దగ్గర సంఘం పెట్టారు. 1612లో ఆయన రాసిన పుస్తకంలో ఒక సాహసమైన మాట ఉంది. మనిషికీ దేవునికీ మధ్య ఉన్న విషయంలో రాజుకు అధికారం లేదని ఆయన వాదించారు. తన సంఘం వరకే కాదు, యూదులకూ ముస్లింలకూ కూడా అదే స్వేచ్ఛ ఉండాలన్నారు. అందుకు ఆయనకు దక్కింది న్యూగేట్ జైలు. విశ్వాసం ఎవరికి వారు ఒప్పుకోవలసినదైతే, దాన్ని బలవంతంగా రుద్దే హక్కు ఎవరికీ ఉండదు, బాప్టిస్టుకు కూడా ఉండదు. సువార్త చెప్పేవాళ్లు ముందుగా కంఠస్థం చేయవలసిన పాఠమిది.

చెప్పులు కుట్టిన చేత్తో తెలుగు వ్యాకరణం

ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన విలియం కేరీ, ఆయన సావాసగాళ్లు కలిసి 1792 అక్టోబరు 2న కెటరింగ్ అనే ఊళ్లో బాప్టిస్టు మిషనరీ సొసైటీని స్థాపించారు. మరుసటి ఏడాదే ఆయన బెంగాల్ చేరారు. 1812 మార్చిలో అక్కడ ఆయన బృందం నడిపిన శ్రీరాంపూర్ అచ్చాఫీసు తగలబడినప్పుడు బూడిదైన సామగ్రిలో తెలుగు అచ్చు అక్షరాలు కూడా ఉన్నాయి. కేరీ ఆగలేదు. 1814లో తెలుగు భాషకు ఇంగ్లిషులో వ్యాకరణం అచ్చువేశారు. 1818కి తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్ నుంచి వెలువడింది. ప్రతి మనిషీ తానే చదివి, తానే నిర్ణయించుకోవాలంటే గ్రంథం ఆ మనిషి భాషలో ఉండి తీరాలి కదా!

మూసేద్దామనుకున్న మిషను

అమెరికా బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగుదేశం చేరారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో నిలదొక్కుకున్నారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఖర్చు దండగ, మూసేద్దామని అమెరికాలో మళ్లీ మళ్లీ చర్చ జరిగింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఒక వక్త మిషను పటం చూపిస్తూ నెల్లూరు దగ్గరున్న గుర్తును ఒంటరి నక్షత్రమన్నారు. ఆ రాత్రే శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ మాట మీద పద్యం రాయగా, దాన్ని సభలో చదివారు. అమెరికన్లకు ప్రియమైన ‘అమెరికా’ దేశభక్తి గీతం రాసింది కూడా ఈయనే. పద్యం విన్నాక మూసే ఆలోచన వెనక్కుపోయింది. ‘లోన్ స్టార్ మిషన్’ అన్న పేరు మాత్రం మిగిలిపోయింది.

కొండెక్కిన ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లు

1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఐదుగురు ఒక కొండ ఎక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మిషనరీ లైమన్ జెవెట్, ఆయన భార్య పేర్లు అందరికీ తెలుసు. వారి పక్కన మోకాళ్లూనినవాళ్లు క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ముగ్గురూ తెలుగువాళ్లే, అందులో ఇద్దరు స్త్రీలు. ఆ కొండను ఇవాళ్టికీ ప్రార్థన కొండ అంటారు. వారు కోరుకున్న మనిషి ఒంగోలు చేరడానికి మరో 12 ఏళ్లు పట్టింది. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది.

క్లౌ కంటే ముందు నడిచిన పేరయ్య

యర్రగుంట్ల పేరయ్యది తాళ్లకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. క్రైస్తవ సువార్త వినకముందే రాజయోగం నేర్చి, గురువుగా నలుగురి మన్నన పొందినవారు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు క్రీస్తు మాట విని, 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. ఊరికి తిరిగొచ్చి ఊరుకోలేదు. పల్లె పల్లె తిరిగి చుట్టాలకు, బేరగాళ్లకు, శిష్యులకు చెప్పారు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో మకాం వేసేసరికి, చుట్టుపక్కల ఊళ్ల జనం తిండీ పడకా మూటగట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఐదు రోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. పొలం దున్ని విత్తనం చల్లింది పేరయ్య, కోతకు వచ్చినవారు క్లౌ.

మూడు నియమాలు, వాటి వెల

చేరదలచినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పడానికి చిన్నవే, పల్లెలో పాటించడం చిన్న విషయం కాదు. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్లడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు మోపిన పనులు. వాటిని కాదన్నవాడికి కొన్నిచోట్ల కూలి ఆగింది, బావి దగ్గరికి రానివ్వలేదు, దెబ్బలూ పడ్డాయి. అయినా నిలబడ్డారు. తరతరాలుగా ఊరు చెప్పినట్టు వినడమే తెలిసిన మనిషి, ‘ఇది నేను చేయను’ అని మొదటిసారి అనగలిగాడు. ఈ సంఘ చరిత్రలో ఇంతకంటే పెద్ద సంఘటన ఇంకోటి లేదు.

రెండు గదుల్లో ఒకే పేజీ

తొలి రోజుల్లో ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు క్లౌ దగ్గరికి వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని తెగేసి చెప్పారు. ఎటూ తేల్చుకోలేక క్లౌ ఒక గదిలో బైబిలు తెరిచారు. లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనపడింది. అదే సమయంలో పక్క గదిలో ఆయన భార్య హారియెట్ తెరిచిన బైబిల్లోనూ అదే భాగం. క్లౌ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసుకున్నారు. ఆ రోజు తీసుకున్న నిర్ణయంతో ఒంగోలు సంఘం ఎవరి సంఘమో తేలిపోయింది.

కరువులో గంజి ఉంది, బాప్తిస్మం లేదు

1876–78 కరువు దక్షిణాదిని ఊడ్చేసింది. క్లౌ కుర్రతనంలో అమెరికాలోని మిన్నెసోటాలో భూమి సర్వే చేసిన మనిషి. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించారు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలిచి పని చేయించారు, సాయంత్రాలు కూలీల మధ్య కూర్చుని కష్టసుఖాలు విన్నారు, సువార్త చెప్పారు. కూలీల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు.

ఇక్కడే గమనించవలసిన సంగతి. ఆ కరువు కాలంలో 15 నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎంతమంది అడిగినా ఆగమన్నారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆకలి నోట వచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదని వారి పట్టుదల. కరువు సాయం జనం మనసు గెలిచిందన్నది నిజం. దాన్ని ఎవరూ దాచనక్కర్లేదు. కానీ సాయానికీ బాప్తిస్మానికీ మధ్య ఇంత దూరం పెట్టుకున్న మిషను చరిత్రలో అరుదు.

ఒక్క రోజు, 2,222 మంది

సహాయ పనులు ముగిశాక, 1878 జులైలో ఒంగోలుకు ఉత్తరాన సుమారు పది మైళ్ల దూరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం పోగయ్యారు. ఏ ఊరి బోధకుడు ఆ ఊరి మనుషులను విడిగా కూర్చోబెట్టి విచారించాడు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది. ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,606.

ఇంతమందికి ఎలా ఇచ్చారని అడిగేవాళ్లకు జవాబు తేలికే. ఆరుగురు తెలుగు బోధకులు వంతులు వేసుకున్నారు. ఒకేసారి ఇద్దరు నీళ్లలో నిలబడేవారు, అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రానికి ముగించారు. జులై 3 లెక్కను ఇద్దరి చేతులకు పంచి చూడండి, ఒక్కొక్క వైపు 1,111 మంది! బాప్టిస్టు పత్రికలు క్లౌ పేరు రాశాయి. ఆ రోజు నదిలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు మాత్రం మన పల్లెల బోధకులు. 1890 డిసెంబరు 28న మళ్లీ ఒకే రోజు 1,671 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

బిషప్ ఉండరు, ఓటు ఉంటుంది

బాప్టిస్టు సంఘాలపై బిషప్ ఉండరు. పాస్టరును పిలుచుకునేది సంఘమే, డీకన్లను ఎన్నుకునేది సంఘమే, కానుకల లెక్క అడిగేదీ సంఘమే. కూలి చేసుకునే సభ్యురాలికీ, ఉద్యోగం చేసే సభ్యుడికీ సంఘ సమావేశంలో ఒక్కటే ఓటు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడినప్పుడు తెలుగు బాప్టిస్టులు అందులో కలవలేదు. నెల్లూరు కేంద్రంగా 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం, ఎస్.టి.బి.సి., ఏర్పడింది. ఈ స్వేచ్ఛకు మరో పక్క కూడా ఉంది. సంఘం నిద్రపోతే లెక్కలు చూసేవాళ్లుండరు, తగాదాలు కోర్టుకెక్కుతాయి. ఓటు ఉన్నవాళ్లు దాన్ని బాధ్యతగా వాడితేనే ఈ పద్ధతి నిలుస్తుంది.

కాకినాడ మిషనుకు ఆద్యుడు తెలుగువాడే

ఉత్తర సర్కారుల్లో పనిచేసింది కెనడా బాప్టిస్టులని పుస్తకాలు చెబుతాయి. వాళ్లకంటే ముందు కాకినాడలో పని మొదలుపెట్టినవారు థామస్ గాబ్రియేలు. తంతి శాఖలో ఉద్యోగం వదులుకుని, చేతి డబ్బు ఖర్చుపెట్టి, అప్పులపాలై కూడా సువార్త పని ఆపలేదు. ఆయన పిలుపు మీదే జాన్ మెక్లారిన్ 1874లో కాకినాడ వచ్చారు. కొద్దికాలానికే గాబ్రియేలు కన్నుమూశారు. ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్, సి.బి.సి.ఎన్.సి., ఆ పని నుంచి ఎదిగిందే.

తెలంగాణ బాట

నెల్లూరు, ఒంగోలుల నుంచి ఈ పని నిజాం రాజ్యంలోకి కూడా సాగింది. 1875లో సికింద్రాబాద్, 1879లో హనుమకొండ మిషను కేంద్రాలయ్యాయి. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైటు విశ్వాసి అబ్రహాం ఫ్రీసెన్ ఈ బాప్టిస్టు మిషనుతోనే కలిసి నల్లగొండలో పని ప్రారంభించారు. మహబూబ్‌నగర్ పరిసరాల్లో ఇవాళ బలంగా ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలకు, బాప్టిస్టులకు ఉన్న చుట్టరికం అప్పటిదే. బాప్తిస్మం నమ్మినవాళ్లకే అన్నది ఇద్దరికీ ఒకటే మాట.

భార్యాభర్తలకు ఒకే బడి

బోధకుల చదువు కోసం 1870ల్లోనే అప్పటి నెల్లూరు జిల్లా రామాపట్నంలో సెమినరీ వెలిసింది. పిల్లాపాపలతో వచ్చిన విద్యార్థుల భార్యలకూ అక్కడ పాఠాలుండేవి. పల్లెకు తిరిగి వెళ్లాక ఆయన చెట్టు కింద బోధిస్తే, ఆమె ఇళ్లల్లో స్త్రీలకు అక్షరాలు, కీర్తనలు నేర్పేది. బైబిలు స్త్రీలుగా ఊళ్లు తిరిగినవాళ్లు మరికొందరు. బడి, ఆస్పత్రి, వసతి గృహం ఈ సంఘాలకు అదనపు సేవ కాదు, నమ్మకంలో భాగమే. బైబిలు చదివి నిర్ణయించుకోవాలంటే ముందు చదవడం రావాలి. ఒంగోలులో క్లౌ పేరుమీదున్న ఆస్పత్రి, జెవెట్ జ్ఞాపకార్థం కట్టిన చర్చి ఆ కాలాన్ని ఇప్పటికీ గుర్తుచేస్తాయి.

మాదిగ పెద్దల మాటలు పుస్తకమైన వేళ

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన విదుషి. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె పరిశోధన 1898లో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకం తెచ్చారు. చెప్పులు కుట్టేవాళ్ల మధ్య కూర్చుని వారి నోట విన్న మాతంగి కథలు, అరుంధతి కథ, గురువుల ముచ్చట్లు, పేరయ్య వంటివారి జీవితాలు అందులో రాశారు. మాదిగల చరిత్ర చదవదలచిన పరిశోధకులు ఇవాళ్టికీ ఆ పుస్తకం వెతుక్కుంటారు.

రాగతాళాల్లో ఆరాధన

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాటల మీద రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. అందులో ఎన్నో కీర్తనలు పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసినవి. ఏ శాఖకూ చెందని ఆస్తిలా ఆ పుస్తకం లూథరన్ చర్చిలోనూ, సి.ఎస్.ఐ.లోనూ, బాప్టిస్టు సంఘంలోనూ ఉంటుంది. అక్షరం రాని అవ్వ కూడా పది కీర్తనలు చూడకుండా పాడుతుందంటే, సిద్ధాంతం జనం నోటికి ఎక్కింది ఇలాగే.

కాగితం మీద కూడా వెల ఉంది

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఆ హోదా లేదు. మన రాష్ట్రాల్లో వీరిని బి.సి.–సి గ్రూపులో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మతం మారితే పేటలో కులవివక్ష ఆగిందా, ఆగకపోతే హక్కు ఎందుకు ఆగాలన్న ప్రశ్న దశాబ్దాలుగా కోర్టుల్లో, సంఘాల్లో నలుగుతూనే ఉంది. పేరయ్య కాలంలో విశ్వాసానికి ఊరు కట్టిన వెల వేరు, ఇప్పటిది వేరు. వెల మాత్రం కడుతూనే ఉన్నారు.

చివరగా ఒక మాట

మీ సంఘం బాప్టిస్టుదైనా, మరొకటైనా, పాత రిజిస్టరు ఒకటి బీరువాలో ఉండే ఉంటుంది. అందులో మొదట బాప్తిస్మం పొందినవాళ్ల పేర్లు, ఊళ్లు, ఇచ్చిన బోధకుడి పేరు ఉంటాయి. చెదలు పట్టకముందే ఫొటోలు తీసి దాచండి. మీ ఊళ్లో మొదట నమ్మినదెవరో, వారిని ఊరు ఏమన్నదో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. దొరల పేర్లు అమెరికా పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. గుండ్లకమ్మలో నిలబడిన మన బోధకుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు కాపాడుకోవలసింది మాత్రం మనమే.